కండువా తీసి కూర్చుందాం



ఈ గణతంత్ర దినాన జెండా వందనం అయ్యాక ఇంటికి వెళ్లి ఒక పని చేయండి. ఈ నెల కరెంటు బిల్లు చేతిలోకి తీసుకోండి. పైన పేరు, సర్వీసు నంబరు. కింద యూనిట్లు, ఫిక్స్‌డ్ చార్జీ, సుంకం, సర్దుబాటు చార్జీ. ఎంత వెతికినా మీరు ఏ పార్టీ మనిషో ఆ కాగితం మీద ఉండదు. మీరు జెండా మోసినా, ఎదుటివాళ్ల జెండా పీకినా యూనిట్ ధర పైసా తగ్గదు. బిల్లుకు పార్టీ లేదు. బిల్లు గురించి మనం మాట్లాడే మాటలకు మాత్రం ఉంది.

2021లో ఆంధ్రప్రదేశ్‌లో ట్రూ అప్ పేరుతో సర్దుబాటు చార్జీలు వేసినప్పుడు టీకొట్టు దగ్గర ఒక బల్ల మీదవాళ్లు ‘జనాన్ని దోచేస్తున్నారు’ అన్నారు. ఎదురుబల్ల వాళ్లు ‘పాతవాళ్లు పెట్టిపోయిన బాకీ ఇది, వీళ్లేం చేస్తారు’ అన్నారు. ప్రభుత్వం మారింది. 2024 చివర్లో మళ్లీ సర్దుబాటు చార్జీలు వచ్చాయి. అవే బల్లలు, అదే టీ, వాళ్లే మనుషులు. మాటలు మాత్రం లేచి ఈ బల్ల మీంచి ఆ బల్ల మీదికి నడిచి వెళ్లాయి. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

రెండు బల్లల మీదా ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ చార్జీకి ఎవరు అనుమతి ఇచ్చారు, ఏ లెక్క చూసి ఇచ్చారు? విద్యుత్ నియంత్రణ మండలి ఉత్తర్వు ఇస్తుంది. విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఏ కరెంటును ఎంతకు కొన్నాయో ఆ లెక్కల్లో ఉంటుంది. ఏటా టారిఫ్ ఖరారు చేసే ముందు మండలి బహిరంగ విచారణ పెడుతుంది. మీరూ నేనూ వెళ్లి అభ్యంతరం చెప్పవచ్చు. మనం వెళ్లం. దూరమనో, తీరిక లేదనో సాకు చెబుతాం గాని అసలు సంగతి వేరు. లెక్క తెలిస్తే మనవాళ్లను కూడా ఒక మాట అనాల్సి వస్తుంది. ఆ మాట అనడానికి మనకు భయం.

ఆ భయం గురించే ఈ సందేశం.

మన రాజకీయాల్లో అన్నిటికన్నా బరువైన మాట ‘మనోడు’. మన కులపోడు, మన ఊరోడు, మన అభిమాన హీరో, మన నాయన ఓటేసిన పార్టీ. చాలా ఇళ్లలో పార్టీ కూడా ఇంటిపేరులాగే పుట్టుకతో వస్తుంది. ఒకసారి ‘మనోడు’ అనుకున్నాక అతను చేసిన తప్పు తప్పుగా కనబడదు, ఎదుటివాడు చేసిన మంచి మంచిగా కనబడదు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, ఇక్కడ ఓటు కూడా లేని మనవాళ్లు అక్కడా రెండు శిబిరాలుగా చీలి కార్ల ర్యాలీలు తీస్తున్నారు. సముద్రాలు దాటినా పార్టీ కండువా దిగలేదు.

ఇది మన ఒక్కరి తెగులు కాదు. 2003లో జెఫ్రీ కోహెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలో తాను చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులకు ఒక సంక్షేమ పథకం గురించి చదవమని ఇచ్చారు. కొందరికి ఉదారమైన పథకం, కొందరికి పిసినారి పథకం. దాన్ని మీ పార్టీ బలపరిచిందని చెబితే చాలు, అది ఉదారమైనదా పిసినారిదా అన్నదాంతో పని లేకుండా సమర్థించారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, పార్టీ మాట విని అలా అన్నామని వాళ్లు ఒప్పుకోలేదు. పథకం మంచిచెడ్డలు చూసే చెప్పామని గట్టిగా నమ్మారు. ఎదుటివాడికి పట్టింది గాని నాకు పట్టలేదనుకోవడమే ఈ తెగులు మొదటి లక్షణమన్నమాట. ఇది చదువుతూ మీకు ఎదురుపార్టీ వాళ్ల మొహాలే గుర్తొస్తుంటే ఒకసారి అద్దం ముందుకు వెళ్లిరండి. నేనూ వెళ్లి వచ్చాను.

అద్దంలో నాకు కనబడింది చెబుతాను. ఆంధ్రప్రదేశ్ రాజధాని గురించి నేను ఎన్ని గంటలు వాదించానో లెక్కలేదు. 2014 ఆగస్టులో శివరామకృష్ణన్ కమిటీ ఆ విషయం మీద నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక పేరు వాదనలో వంద సార్లు వాడుకున్నాను. చదివింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత. నాతో వాదించినవాళ్లూ చదవలేదు. 2014లో కొందరికి అది అడ్డు, 2019 తర్వాత మరికొందరికి అది ఆయుధం. చదవాల్సిన కాగితంగా ఎవరికీ పనికిరాలేదు. ఈ లోపు రాజధానికి భూమి ఇచ్చిన రైతు ఏ కులంవాడన్నది చర్చ అయింది గాని, అతనితో ప్రభుత్వం రాసుకున్న ఒప్పందంలో ఏముందన్నది చర్చ కాలేదు. వెనకబడిన ప్రాంతం ఏం అడుగుతోందన్నదీ చర్చ కాలేదు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. రెండింటినీ మనం జెండా కర్రలు చేశాం.

ఇక తెలంగాణకు వెళ్దాం. 2019 జూన్ 21న కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ప్రారంభమైంది. 2023 అక్టోబర్ 21న అందులోని మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. ఎన్నికల వేళ. అంతే, తెల్లారేసరికి తెలంగాణ అంతా ఇంజినీర్లయిపోయారు. ఒక పక్షానికి మొత్తం పథకమే దండగ. ఇంకో పక్షానికి అది ఒక బ్లాకులో వచ్చిన చిన్న చిక్కు. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ బృందం వచ్చి చూసింది. ప్రణాళిక, రూపకల్పన, నాణ్యత తనిఖీ, నిర్వహణ అన్నింట్లోనూ లోపాలున్నాయని చెప్పింది. కాగ్ నివేదిక వచ్చింది. విచారణ కమిషన్ కూర్చుంది. వీటిలో ప్రతి దాన్నీ మనం ముందు ఒకే ప్రశ్నతో తూచాం: ఇది ఎవరికి లాభం? కుంగిన పియరుకు పార్టీ లేదు. దాని కింద ఇసుక ఎందుకు జారిందో, ఎవరు ఏ సంతకం చేశారో, ఇప్పుడు బాగుచేయడం కుదురుతుందో లేదో, ఆయకట్టు రైతుకు నీళ్లు ఎలా అన్నవి ప్రశ్నలు. ఈ ప్రశ్నలకు నినాదం జవాబు చెప్పదు. జవాబు చెప్పేది డ్రాయింగు, మట్టి పరీక్ష, తనిఖీ రిజిస్టరు.

ఇంత పట్టుదలగా మనం మోస్తున్న కండువాల సంగతి కూడా ఒక్క క్షణం ఆలోచించండి. పార్టీ ఫిరాయింపుల నిరోధానికి 1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేర్చారు. అయినా రెండు రాష్ట్రాల్లోనూ, రాత్రి ఒక కండువాతో పడుకుని పొద్దున ఇంకో కండువాతో లేచిన శాసనసభ్యులను ఎంతమందిని చూడలేదు! నాయకుడికి కండువా మార్చడానికి ఒక నిమిషం చాలు, ఫొటో తీసేంతసేపు. అతని కోసం తగవు పడి అన్నతో మాటలు మానేసిన తమ్ముడు మాత్రం పదేళ్లయినా ఆ గడప తొక్కడు. పెళ్లికి పిలుపు ఉండదు, చావుకు పోతే పలకరింపు ఉండదు. వాళ్లిద్దరి నాయకులు ఇప్పుడు ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చున్నారు.

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన హెచ్చరిక ఇదే. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గాని రాజకీయాల్లో వీరపూజ పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారి తీస్తుందన్నది ఆయన మాటల సారం. ఈ రోజు ఆయన పటానికి దండ వేసే చేతులతోనే మన నాయకుడి కటౌట్‌కు పాలాభిషేకం చేస్తున్నాం.

మరి పార్టీలు వద్దా? కావాలి. పార్టీలు లేని ప్రజాస్వామ్యం నడవదు. మీకు నచ్చిన పార్టీకి ఓటు వేయండి, చందా ఇవ్వండి, జెండా మోయండి. ‘అందరూ దొంగలే’ అని చేతులు దులుపుకోమని నేను చెప్పడం లేదు. ఆ మాట కూడా సాక్ష్యం లేని మాటే. ఇద్దరి లెక్కలూ చూడకుండా ఇద్దర్నీ తిట్టేవాడు తటస్థుడు కాడు, బద్ధకస్తుడు. నేను అడిగేది ఒక్కటే. ఐదేళ్లకు 1,826 రోజులు. అందులో ఓటు వేసేది ఒక్కరోజు. ఆ రోజు మీరు ఓటరు. మిగతా 1,825 రోజులూ మీరు తీర్పరి. తీర్పరి పీట మీద కూర్చున్నప్పుడు కండువా తీయాలి.

తీయగలమా అని అడక్కండి. మన అమ్మలు తీసి చూపించారు.

1992. నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంట. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిపూట పలకలు పట్టిన కూలి ఆడవాళ్లు, వర్ధినేని రోశమ్మ ముందు నిలవగా, ఊళ్లో సారాకొట్టు మూయించారు. ఆ కథ వాచకంలో పాఠమైంది. పాఠం చదివిన ప్రతి ఊరూ దూబగుంట అయింది. సారా వేలంపాటల దగ్గర ఆడవాళ్లు బైఠాయిస్తే పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. ఆ సారాను ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వ సరుకుగా ఊరూరా చేర్చింది 1980లలో తెలుగుదేశం ప్రభుత్వం. 1989 తర్వాత కాంగ్రెస్ ప్రభుత్వం ఆ అమ్మకాలను సాగనిచ్చింది. కాంట్రాక్టర్లకు అన్ని పార్టీల్లోనూ చుట్టాలున్నారు. కాబట్టి ఇది మా పార్టీ తప్పు కాదు అని ఎవరూ అనగలిగే పరిస్థితి లేదు. ఆ ఆడవాళ్లు ఆ మాట అడగనూ లేదు. రాష్ట్రానికి ఎక్సైజ్ ఆదాయం కావాలని సర్కారు లెక్క చెబితే వాళ్లు ఇంటి లెక్క చెప్పారు: కూలి ఎంత వచ్చింది, సారాకు ఎంత పోయింది, బియ్యానికి ఎంత మిగిలింది. ఆ లెక్కకు జవాబు చెప్పగలిగిన నాయకుడు లేడు.

1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, ఆ అక్టోబరులో రాష్ట్రమంతటా సారా ఆగింది. ఆపింది కాంగ్రెస్ ప్రభుత్వం. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. తెచ్చింది వారుణి వాహిని తెచ్చిన పార్టీయే. 1997లో దాన్ని సడలించిందీ ఆ పార్టీయే. నిషేధం ఉన్న రోజుల్లో దొంగసారా, పొరుగు రాష్ట్రాల నుంచి దొంగరవాణా సాగాయి. అవీ సాక్ష్యాలే, వాటినీ తూకంలో వేయాల్సిందే. కాని ఒకటి గమనించండి. ఈ ఐదేళ్ల కథలో పార్టీలు అటూ ఇటూ మారుతూనే ఉన్నాయి. మారకుండా నిలబడింది ఆ ఆడవాళ్ల ప్రశ్న ఒక్కటే. ప్రశ్న గట్టిగా నిలబడితే పార్టీలే దాని చుట్టూ తిరుగుతాయి. మనం పార్టీ చుట్టూ తిరిగితే ప్రశ్న ఎక్కడో పడిపోతుంది.

ఇంకో ఉదాహరణ. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. చేసిన పనులను గ్రామసభే తనిఖీ చేయాలని ఆ చట్టం 17వ సెక్షన్ చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ సామాజిక తనిఖీని దేశంలో అందరికంటే ముందు గట్టిగా పట్టుకుంది. కూలీల ఇళ్ల పిల్లలే శిక్షణ పొంది మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. తర్వాత సభలో అందరి ముందు చదివారు. ‘నీ పేరున ఆరు రోజులు రాశారమ్మా, పనికి వెళ్లావా?’ అన్నది అక్కడి ప్రశ్న. దానికి జవాబు ‘వెళ్లాను’, లేదా ‘వెళ్లలేదు’. అంతే. ‘పోయిన ప్రభుత్వంలో ఇంతకంటే ఎక్కువ తిన్నారు’ అన్నది ఆ ప్రశ్నకు జవాబు కాదు. తిన్న డబ్బంతా వెనక్కి రాలేదు, దోషులందరికీ శిక్ష పడలేదు, నిజమే. కాని చదువు రాని కూలీ ఒక అధికారి రాసిన అంకె తప్పని, ఊరందరి ముందు నిలబడి చెప్పింది. సాక్ష్యానికి ఉన్న బలం అది.

ఇక మన పని.

మొదటిది, పేర్లు మార్చి చూడటం. ఒక వార్త వినగానే కోపమో సంతోషమో వస్తే, అందులో మన నాయకుడి పేరు తీసి ఎదుటి నాయకుడి పేరు పెట్టి మళ్లీ చదవండి. మీ కోపం అలాగే ఉంటే అది న్యాయమైన కోపం. మాయమైతే అది కండువా కోపం. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండోది, కాగితం అడగటం. ‘మా చానల్లో చెప్పారు’ అన్నది సాక్ష్యం కాదు. సగం కోసిన వీడియో సాక్ష్యం కాదు. జీవో, అంచనా పత్రం, కొలతల పుస్తకం, ఆడిట్ నివేదిక సాక్ష్యాలు. 2005 సమాచార హక్కు చట్టం మనకు ఆ తలుపు తెరిచింది. మన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ రుసుము టీకొట్టు దగ్గర ఒక పూట వాదనకు అయ్యే టీ ఖర్చు కంటే తక్కువ. జీవోలను జనం కంట పడకుండా దాచిన ప్రభుత్వాలను రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. కాగితం బయట పెట్టమని అడగటంలో రెండు బల్లలవాళ్లూ ఒకటి కావాలి. దాచిన కాగితం రేపు ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఎవరికీ తెలియదు.

మూడోది, మన పార్టీని మనమే అడగటం. ఎదుటివాడు అడిగితే ‘వాళ్లు అలాగే అంటారు’ అని నాయకుడు తోసేస్తాడు. జెండా మోసినవాడు అడిగితే తోసేయలేడు. ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు దండ వేయండి, దండతో పాటు ఆగిపోయిన కాలువ పని ఫైలు నంబరు కూడా చేతిలో పెట్టండి. ఎదుటి పార్టీ చేసిన పని ఒకటి బాగుంటే బాగుందని పైకి అనండి. నోరు నొప్పి పుట్టదు.

నాలుగోది, ‘నాకు తెలియదు’ అనడం నేర్చుకోవటం. తెలియని సంగతిని పదిమందికి పంపే ముందు వేలు ఆపటం. కొత్త సాక్ష్యం వస్తే అభిప్రాయం మార్చుకోవటం. అది మాట తప్పడం కాదు, కళ్లు తెరవడం.

రాజ్యాంగం 51ఏ అధికరణలో శాస్త్రీయ దృక్పథం, జిజ్ఞాస పెంచుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాసి ఉంది. అది 1976లో, ఎమర్జెన్సీ చీకట్లో, 42వ సవరణ ద్వారా వచ్చిన వాక్యం. ఆ సవరణ తెచ్చినవాళ్ల మీద మీకు ఎంత కోపమైనా ఉండవచ్చు. అయినా ఆ మాట మంచి మాట. చెప్పినవాడిని పక్కన పెట్టి మాటను తూచడమంటే ఇదే.

ఈ నాలుగు పనులూ ఒక్కరుగా చేయవచ్చు గాని, ఒక్కరుగా నిలబడటం కష్టం. నిజం మాట్లాడిన మొదటివాడిని ‘కోవర్టు’ అంటారు. ‘ఎంత తీసుకున్నావ్’ అంటారు. గ్రూపులోంచి తీసేస్తారు, రేపు పింఛను జాబితాలో అమ్మ పేరు ఉంటుందో లేదోనని అతని గుండె దడదడలాడుతుంది. అందుకే ఇది ఒక్కరి ధైర్యానికి వదిలేయాల్సిన పని కాదు, ఊరి బాధ్యత. ఒక్కడు కండువా తీస్తే ద్రోహి అంటారు. పదిమంది తీస్తే అది గ్రామసభ.

ఆ గ్రామసభ మనకు ఉంది. 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ సవరణ దానికి రాజ్యాంగంలో చోటిచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో సర్పంచి ఎన్నికలకు పార్టీ గుర్తులు ఉండవు. చట్టం ఊరి భుజం మీంచి కండువా ఎప్పుడో తీసేసింది. మనమే మళ్లీ తెచ్చి కప్పుతున్నాం.

మనం ఎవరింటికైనా వెళితే చెప్పులు గుమ్మం బయట విడుస్తాం. చెప్పులు లేకుండా బతకమని ఎవరూ అడగరు, వెళ్లేటప్పుడు మన జత మనం తొడుక్కుంటాం. లోపలికి మాత్రం తీసుకెళ్లం. ఈసారి గ్రామసభ రోజున పంచాయతీ ఆఫీసు గుమ్మం పక్కన ఒక కొయ్య కొట్టిద్దాం. రంగురంగుల కండువాలన్నీ దానికి తగిలించి లోపలికి వెళ్దాం. మీ బల్లవాళ్లు, మా బల్లవాళ్లు కలిసే ఆ కరెంటు బిల్లు, ఆ కాలువ పని కొలతల పుస్తకం ముందు పెట్టుకుని చాప మీద కూర్చుందాం. ఒకరు పైకి చదవాలి, అందరూ వినాలి. సభ అయ్యాక ఎవరి కండువా వారు తీసుకుపోవచ్చు.

రండి. ఆ కొయ్యకు మొదటి కండువా నాది.